చదువు రానివాళ్ల మాట వినే కంప్యూటర్: రాజ్ రెడ్డి జీవితం

కంప్యూటర్ సైన్స్‌కు నోబెల్ బహుమతి లేదు. ఆ రంగంలో నోబెల్ అంతటిదిగా చెప్పుకునేది ట్యూరింగ్ అవార్డు. 1966 నుంచి ఇస్తున్న ఈ అవార్డును అందుకున్న తొలి ఆసియా సంతతి శాస్త్రవేత్త తెలుగువాడు. పేరు దబ్బల రాజగోపాల్ రెడ్డి. ప్రపంచం ఆయన్ను రాజ్ రెడ్డి అంటుంది. భారీ కృత్రిమ మేధ వ్యవస్థలను రూపొందించి, అవి నిజంగా పనికొస్తాయని చూపించినందుకు 1994లో ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిపి ఆయనకు ఆ అవార్డు ఇచ్చారు.

ఆయన గురించి తెలుగు పత్రికల్లో వచ్చేవి చాలావరకు 'మన తెలుగు తేజం' తరహా వ్యాసాలే. అవార్డులు, పదవులు, ఫొటో. వాటిలో రెండు విషయాలు వెనక్కి పోతుంటాయి. ఒకటి: అక్షరం రాని మనిషికి కంప్యూటర్ పనికిరాకపోతే ఆ కంప్యూటర్ అసంపూర్ణమే అన్న పట్టుతో ఆయన దశాబ్దాలు పనిచేశారు. రెండు: ఇవాళ ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, మార్టూరు మండలాల్లోని జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలు పదో తరగతి ఫలితాలు రాగానే అడిగే 'ట్రిపుల్ ఐటీ సీటు' వెనక ఉన్న ఆలోచనలో ఆయన వాటా ఉంది. ఈ రెండూ మన వాడలకు నేరుగా తగిలే విషయాలు. వాటిలో ఎంత నిజమైంది, ఎంత కాలేదు అన్నది చూడాలంటే ఆయన జీవితాన్ని కొంచెం వివరంగా తెలుసుకోవాలి.

ఇసుకలో అక్షరాలు

రాజ్ రెడ్డి 1937 జూన్ 13న అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. తండ్రి శ్రీనివాసులు రెడ్డిది వ్యవసాయం, తల్లి పిచ్చమ్మ గృహిణి. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. పల్లెటూరి బడిలో కాగితం, పెన్సిలు లేక ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిన తరం. స్కూలు చదువు తెలుగులో సాగింది. తర్వాత మద్రాసు వెళ్లి ఇంగ్లీషులో చెప్పే పాఠాలు అర్థం చేసుకోవడానికి తంటాలు పడాల్సి వచ్చింది. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1958లో బయటికొచ్చారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. 'ఇసుకలో అక్షరాలు దిద్ది ట్యూరింగ్ అవార్డు దాకా' అన్న వాక్యం వినడానికి బాగుంటుంది, అబద్ధమూ కాదు. కానీ ఆ ఇసుకలో కూర్చునే హక్కు ఎవరికి ఉండేదన్నది ఆ వాక్యం చెప్పదు. గుంటూరు సీమలోని వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా బడిలో ఎదుర్కొన్న అంటరానితనం మనకు తెలిసిందే. రాజ్ రెడ్డి పుట్టేనాటికి నలభై ఏళ్లు గడిచినా చాలా ఊళ్లలో పరిస్థితి పెద్దగా మారలేదు. భూమి ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లాడు చదువులో ముందుంటే చదివించేవారు. చేలో కూలికి వెళ్లే ఇంటి పిల్లాడు ముందున్నా, వెనకున్నా పశువుల వెంట పోవాల్సిందే. రాజ్ రెడ్డి ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్లడం అన్న అనుభవం ఆయనకూ ఉంది, మన పిల్లలకూ ఉంది. అయితే రెండూ ఒకటి కావు. ఆయనకు ఆ అవకాశం 1950లలో దొరికింది, మన వాడల్లో చాలా ఇళ్లకు ఇప్పుడిప్పుడే దొరుకుతోంది. మధ్యలో రెండు తరాలు పోయాయి.

గిండీ నుంచి ఆస్ట్రేలియా వెళ్లారు. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో 1960లో ఎంటెక్ పూర్తి చేశారు. ఆయన మొదటిసారి కంప్యూటర్‌ను చూసింది, వాడింది అక్కడే. సివిల్ ఇంజనీరు కంప్యూటర్ల వైపు తిరిగిపోయారు. మూడేళ్లు ఆస్ట్రేలియాలోనే ఐబీఎంలో ఉద్యోగం చేసి, 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లారు. 'కృత్రిమ మేధ' అనే పేరు పెట్టిన జాన్ మెకార్తీ అక్కడ ఆయనకు గురువు. 1966లో పీహెచ్‌డీ పూర్తయింది. స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ సైన్స్ విభాగం మొదలైన కొత్తల్లో పట్టా పొందిన కొద్దిమందిలో ఆయనొకరు. విషయం: మనిషి మాటను కంప్యూటర్ చేత గుర్తింపజేయడం.

మిరగాయలు కోసుకొత్తావా

మాటను గుర్తించడం ఎందుకంత కష్టమో తెలుగులోనే చూద్దాం. పుస్తకంలో 'మిరపకాయలు కోసుకొని వస్తావా' అని ఉంటుంది. ఎడ్లపాడు చేలో వినిపించేది 'మిరగాయలు కోసుకొత్తావా' అని. రాతలో మాటల మధ్య ఖాళీ ఉంటుంది, నోట్లో ఉండదు. ఒక మాట తోక ఇంకో మాట తలలో కలిసిపోతుంది. పైగా ఆడ గొంతు వేరు, మగ గొంతు వేరు, ముసలి గొంతు వేరు. అదే మనిషి ఉదయం పలికినట్టు సాయంత్రం పలకదు. యంత్రానికి అందేది గాలిలో అలల వంకరటింకర గీత మాత్రమే. ఆ గీతలోంచి మాటలు విడదీయాలి.

1960లలో చాలామంది ఒక్కో మాటను విడివిడిగా, ఆగి ఆగి పలికితే గుర్తించే యంత్రాల మీద పనిచేస్తున్నారు. రాజ్ రెడ్డి మొదటి నుంచీ మనుషులు మామూలుగా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మాటనే పట్టుకోవాలనుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో ఉండగానే నోటి మాట విని దిమ్మెలను ఒకదానిమీద ఒకటి పేర్చే యంత్రపు చేతిని చూపించారు. 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. ఆ తర్వాత ఆయన పని జీవితమంతా దాదాపుగా అక్కడే గడిచింది.

ఆయన బృందం తయారు చేసిన వ్యవస్థల పేర్లు కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు తెలిసే ఉంటాయి: హియర్‌సే, డ్రాగన్, హార్పీ, స్ఫింక్స్. వీటిలో హియర్‌సే వెనకున్న ఆలోచన గుంటూరు మిర్చి యార్డును తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. సీజన్‌లో యార్డులో లారీల మోత, హమాలీల కేకలు, వేలం గోల. అవతలి మనిషి అన్నది '...క్కీలు ఎన్ని' అని సగమే వినపడుతుంది. అయినా మనం 'టిక్కీలు ఎన్ని' అని అర్థం చేసుకుంటాం. ఎందుకంటే అక్కడ బస్తాను టిక్కీ అంటారని తెలుసు, ఎదుట ఉన్నవి బస్తాలని తెలుసు, 'ఎన్ని' అంటే లెక్కపెట్టే వస్తువై ఉండాలనీ తెలుసు. చెవి వినలేని ముక్కను లోకజ్ఞానం పూరించింది. హియర్‌సేలో సరిగ్గా ఇదే ఏర్పాటు. ధ్వని తెలిసిన ప్రోగ్రామ్ ఒకటి, మాటలు తెలిసింది ఒకటి, వ్యాకరణం తెలిసింది ఒకటి, సందర్భం తెలిసింది ఇంకొకటి. అన్నీ తమ ఊహలను ఒకే నల్లబల్ల మీద రాస్తాయి. ఒకదాని ఊహను చూసి మరొకటి తన ఊహను దిద్దుకుంటుంది. దీన్నే బ్లాక్‌బోర్డ్ నమూనా అన్నారు. తర్వాత మాటతో సంబంధం లేని ఎన్నో కృత్రిమ మేధ పనుల్లోకి ఇది పాకింది. మొదటి హియర్‌సేతో నోటి మాటతోనే చదరంగం ఆడారు. పలికిన ఎత్తు సరిగా వినపడకపోతే, ఆ స్థితిలో ఏ ఎత్తులు సాధ్యమో చూసి యంత్రం ఊహించేది.

1971 నుంచి 1976 వరకు అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పా మాటలు అర్థం చేసుకునే యంత్రాల కోసం డబ్బిచ్చింది. వెయ్యి మాటలు గుర్తించాలన్నది వాళ్ల లక్ష్యం. బ్రూస్ లొవెర్ కట్టిన హార్పీ 1,011 మాటలతో 1976లో ఆ లక్ష్యాన్ని అందుకుంది. ఒక వాక్యానికి ఉండగల దారులన్నిటినీ వల లాగా పరిచి, నడుస్తున్న కొద్దీ ఆశ ఉన్న కొన్ని దారులనే ఉంచుకుని మిగతావి వదిలేయడం దాని కిటుకు. సైన్యం డబ్బుతో నడిచిన పరిశోధన పేదల చేతికి చేరుతుందా అన్న ప్రశ్న ఉద్యమకారులకు తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. దానికి ఒక్క మాటలో జవాబు లేదు. ఇంటర్నెట్‌కు మొదటి డబ్బు పెట్టిందీ ఆ సంస్థే.

ఆ ప్రయోగశాలలో పెరిగినవాళ్లు తలా ఒక దారి తొక్కారు. జేమ్స్ బేకర్ తన భార్య జానెట్ బేకర్‌తో కలిసి 1982లో డ్రాగన్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టి, మాట్లాడితే టైపు చేసే సాఫ్ట్‌వేర్‌ను మార్కెట్‌లోకి తెచ్చారు. తైవాన్‌లో పుట్టిన కై-ఫు లీ 1988లో స్ఫింక్స్ తయారు చేశారు. దీని ప్రాముఖ్యం వేరు. అప్పటిదాకా యంత్రాలకు ముందుగా ఒక మనిషి గొంతును అలవాటు చేయాలి, అప్పుడే ఆ మనిషి మాట అర్థమవుతుంది. స్ఫింక్స్ కొత్త మనిషి గొంతునూ, గుక్క తిప్పుకోకుండా మాట్లాడినా, దాదాపు వెయ్యి మాటల మేరకు గుర్తించింది. అందుకు ముందే ఎంతోమంది గొంతులను దానికి వినిపించారు. 'ఎంతోమంది' అంటే ఎవరెవరు అన్న ప్రశ్నకు చివర్లో మళ్లీ వద్దాం.

ఇవాళ ఫోన్‌లలో ఉన్న గుర్తింపు పద్ధతులు హార్పీ, స్ఫింక్స్‌ల కంటే చాలా మారాయి, న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద నడుస్తున్నాయి. అయినా గుక్క తిప్పుకోకుండా మాట్లాడే, ముందెప్పుడూ వినని మనిషి మాటను యంత్రం పట్టగలదని చూపించిన బాట ఇదే.

డాకర్ నుంచి టీవీ కంప్యూటర్ దాకా

కార్నెగీ మెలన్‌లో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టర్ ఆయనే, 1991 దాకా. తర్వాత 1999 వరకు కంప్యూటర్ సైన్స్ స్కూలుకు డీన్. 1999 నుంచి 2001 వరకు అమెరికా అధ్యక్షుడికి సమాచార సాంకేతిక సలహాలిచ్చే కమిటీకి సహ అధ్యక్షుడు. 2001లో పద్మభూషణ్. ఈ జాబితా ఇంకా పొడుగ్గా ఉంది, ఇక్కడ ఆపేద్దాం.

అంతకంటే ఆసక్తికరమైంది 1980ల తొలినాళ్ల పారిస్ కథ. మిత్తెరాఁ ప్రభుత్వం వచ్చిన కొత్తల్లో, కంప్యూటర్‌ను పేద దేశాల అభివృద్ధికి వాడాలన్న ఉద్దేశంతో ఫ్రాన్స్ ఒక ప్రపంచ కేంద్రాన్ని తెరిచింది. పత్రికాధిపతి, రాజకీయ నాయకుడు జాఁ-జాక్ సెర్వాఁ-ష్రైబర్ దాన్ని నడిపారు. రాజ్ రెడ్డి ప్రధాన శాస్త్రవేత్త. సెనెగల్ రాజధాని డాకర్‌లో స్కూలు పిల్లలకు కంప్యూటర్లు ఇచ్చిన ప్రయోగం ఆ కేంద్రానిదే. రాజకీయాల గొడవల్లో ఆ కేంద్రం ఎక్కువ కాలం నిలవలేదు. కానీ ఆ పనికి గుర్తింపుగా 1984లో ఫ్రాన్స్ ఆయనకు 'లీజియన్ ఆఫ్ ఆనర్' ఇచ్చింది. ట్యూరింగ్‌కు పదేళ్ల ముందే వచ్చిన ఈ పురస్కారం ప్రయోగశాలలో చేసిన పనికి కాదు, పేద దేశాల వైపు చూసినందుకు.

2000ల మొదట్లో ఆయన ఇంకో ప్రయత్నం చేశారు. టీవీ, ఫోన్, వీడియో, కంప్యూటర్ అన్నీ ఒకే పెట్టెలో. పేరు పీసీటీవీటీ. చదువు రాని మనిషి రిమోట్ పట్టుకుని, బొమ్మలు చూసి, మాటతో వాడగలగాలి. ఆయన వాదన మామూలుగా అందరూ చెప్పేదానికి ఎదురు తిరుగుతుంది. పేదవాడికి చవక కంప్యూటర్ చాలు, తక్కువ శక్తి ఉన్నది చాలు అని లోకం అంటుంది. ఆయన అన్నది వేరు: చదువు వచ్చినవాడు టైపు చేసుకుంటాడు, వాడికి చిన్న యంత్రం చాలు. చదువు రానివాడికి మాట, బొమ్మ, వీడియో కావాలి, అందుకు ఎక్కువ శక్తి ఉన్న యంత్రమే కావాలి. ఆ పెట్టె ఇంటింటికీ రాలేదు. పదేళ్లు తిరక్కముందే స్మార్ట్‌ఫోన్ వచ్చి దాని పని తాను తీసుకుంది.

ఆ వాదన ఎంత నిజమో మన చేలల్లో చూడొచ్చు. పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపు అంటే అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో జాగ్రత్తలు. పత్తికి, మిరపకు మందు కొట్టే కూలీల్లో ఎక్కువమంది మన వాడల వాళ్లే. ఆ అక్షరాలు కొన్నవాడికీ సరిగా కనపడవు, కొట్టేవాడికి అసలు చేరవు. డబ్బా ఫొటో తీసి 'ఇది కొడితే ఏమవుద్ది, ఎన్ని రోజులు చేలోకి పోకూడదు' అని తన మాటలో అడిగి, తన మాటలో జవాబు వినగలిగితే ఒక ప్రాణం నిలబడొచ్చు. ఉపాధి హామీ కూలీ డబ్బు ఏ ఖాతాలో పడింది, రేషన్ కార్డులో పేరు ఎందుకు తీసేశారు, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసులో పరిహారం ఏ దశలో ఉంది: ఇవన్నీ ఇప్పటికీ అక్షరం వచ్చిన మధ్యవర్తి చేతిలోనే ఉన్నాయి. ఆ మధ్యవర్తి ఏ వీధివాడన్నది మనకు తెలిసిన సంగతే.

పుస్తకాల విషయంలోనూ ఆయన ముద్ర ఉంది. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా అందరికీ ఇవ్వాలన్న 'మిలియన్ బుక్' పథకాన్ని ఆయన ముందుండి నడిపారు. 2007 చివరికి చైనా, ఇండియా, ఈజిప్టు కేంద్రాల్లో 15 లక్షలకు పైగా పుస్తకాలు స్కాన్ అయ్యాయి. మన దేశంలో దాని రూపమే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అంతకుముందు పాత తెలుగు పత్రిక చూడాలంటే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లాల్సిందే. ఖర్చులు పెట్టుకుని వెళ్లి, రోజుల తరబడి ఉండి రాసుకోగలిగినవాళ్లకే పరిశోధన. స్కాన్ నాణ్యత చాలాచోట్ల నాసిరకంగా ఉన్నా, కాపీరైటు తగాదాలతో ఆ సైటు మూలపడ్డా, అందులోని చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి బతికాయి. ఊళ్లోనే కూర్చుని ఎంఫిల్, పీహెచ్‌డీ చేసుకున్న దళిత పరిశోధకులకు అవి ఎంత ఆసరానో వాళ్లకే తెలుసు.

0.4 లెక్క

ఇక ట్రిపుల్ ఐటీల సంగతి. ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. 1998లో హైదరాబాద్‌లో పెట్టిన ట్రిపుల్ ఐటీ వేరు. దాని పాలక మండలికి రాజ్ రెడ్డి తొలి అధ్యక్షుడు, కానీ అది దేశవ్యాప్త పోటీ పరీక్షలతో చేరే సంస్థ. మన ఊళ్లలో ట్రిపుల్ ఐటీ అనేది 2008 చట్టంతో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. మొదట నూజివీడు, ఇడుపులపాయ, బాసర అనే మూడు ప్రాంగణాలు. దీనికి తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి, దశాబ్దానికి పైగా ఆ స్థానంలో ఉన్నారు.

ఆలోచన సూటిగా ఉంది. కోచింగ్‌కు డబ్బు లేని పల్లె పిల్లలు ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్షలో నిలబడలేరు. కాబట్టి వాళ్లను పదో తరగతి అయిన వెంటనే, ప్రవేశ పరీక్ష లేకుండా, పదో తరగతి మార్కుల మీదే తీసుకోవాలి. ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంటర్, ఇంజనీరింగ్ కలిపి చదివించాలి. మండలానికో కొందరు వచ్చేలా చూడాలి. ప్రతి విద్యార్థికీ లాప్‌టాప్ ఉండాలి. ఏ కోచింగ్ వీధీ లేని మండలం నుంచి కూడా పిల్లలు రావాలన్నదే దీని అర్థం. గుంటూరు నగరమంటే కార్పొరేట్ కాలేజీల హోర్డింగులు గుర్తొచ్చే రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 0.4. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లల పదో తరగతి జీపీఏకు 0.4 కలిపేవారు. దీన్ని డిప్రివేషన్ స్కోర్ అన్నారు. లేమికి ఇచ్చే మార్కులన్నమాట. పదికి తొమ్మిదిన్నర తెచ్చుకున్న జిల్లా పరిషత్ స్కూలు పిల్ల ప్రైవేటు స్కూలులో 9.8 తెచ్చుకున్న పిల్లాడి కంటే ముందుకొస్తుంది. 'ప్రతిభ' అంటూ రిజర్వేషన్ల మీద లేచేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు: మార్కును అది ఎక్కడ పుట్టిందో చూసి తూచాలని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం నిబంధనగా రాసుకుంది. దానికి ట్యూరింగ్ అవార్డు గ్రహీత ఛాన్సలర్‌గా ఉన్నారు.

అయితే ఆ నిబంధనలో ఒక తిరకాసు ఉంది. 'రెసిడెన్షియల్ కాని' అన్న మాట చూడండి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివేది ఎవరు? ఊళ్లో బడి సరిగా లేకనో, మిరప కోతలకు, పత్తి తీతకు తల్లిదండ్రులు వలస పోతే చూసేవాళ్లు లేకనో హాస్టల్‌కు పంపిన దళిత పిల్లలే. వాళ్లకు ఈ 0.4 లేదు. గురుకులంలో మంచి చదువు దొరుకుతుంది కాబట్టి అది లేమి కాదన్నది ప్రభుత్వ తర్కం. లేమిని బడి రకంతో కొలిస్తే ఇలాగే అవుతుంది. భూమి, కులం, తల్లి చదువు లెక్కలోకి రావు. ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం ఉంది కాబట్టి ఆ పిల్లలకు దారి పూర్తిగా మూసుకుపోలేదు. కానీ ఓపెన్ కోటాలో పోటీపడే దళిత విద్యార్థికి ఈ తేడా సీటుకూ, సీటు దక్కకపోవడానికీ మధ్య తేడా. సంఘాలు అడగాల్సిన విషయమిది, ఇంతవరకు గట్టిగా అడిగినట్టు కనపడదు.

రాష్ట్ర విభజన తర్వాత బాసర తెలంగాణకు పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలు కలిశాయి. ప్రకాశం జిల్లాకు ట్రిపుల్ ఐటీ వచ్చిందని సంబరం చేసుకున్నారు. తీరా చూస్తే ఒంగోలు ప్రాంగణానికి సొంత భవనాల్లేక, ఆ పేరుతో చేరిన పిల్లలను ఏళ్ల తరబడి కడప జిల్లా ఇడుపులపాయలోనే చదివించారు. ఒంగోలు ట్రిపుల్ ఐటీ విద్యార్థి ఒంగోలు బస్సు ఎక్కింది సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడే.

బాసరలో 2022 జూన్‌లో వేలమంది విద్యార్థులు దాదాపు వారం రోజులు వానలో, ఎండలో ప్రధాన ద్వారం దగ్గర కూర్చున్నారు. పన్నెండు డిమాండ్లు. శాశ్వత వైస్ ఛాన్సలర్, చాలినంతమంది అధ్యాపకులు, తినదగిన భోజనం వంటివి. లాప్‌టాప్‌తో మొదలైన విశ్వవిద్యాలయంలో పిల్లలు అన్నం గురించి ధర్నా చేయాల్సి వచ్చింది. రాజ్ రెడ్డి ఆలోచన ప్రకారం తక్కువమంది అధ్యాపకులున్నా రికార్డు చేసిన పాఠాలు, సొంతంగా నేర్చుకోవడం వంటి పద్ధతులతో ఎక్కువమందికి చదువు చెప్పవచ్చు. నిజమే కావచ్చు. కానీ ఆ మాట ప్రభుత్వాల చెవిలో పడితే ఖాళీ పోస్టులు నింపకపోవడానికి సాకుగా మారుతుంది. ఇంట్లో మొదటిసారి ఇంగ్లీషు పాఠం వింటున్న పిల్లకు స్క్రీన్ మీద వీడియో చాలదు. పక్కన కూర్చుని 'ఏం అర్థం కాలేదమ్మా' అని అడిగే మనిషి కావాలి. మద్రాసులో మొదటి రోజుల్లో ఆయనకు కావాల్సిందీ అలాంటి మనిషే అయ్యుంటుంది.

ఇన్ని లోపాలున్నా ఒకటి ఒప్పుకోవాలి. ఈ ప్రాంగణాల నుంచి బయటికొచ్చిన వేలాది పల్లె పిల్లల్లో మాల, మాదిగ, యానాది ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. కాటూరు నుంచి ఒక్కరు వెళ్లడానికీ, మండలానికి కొందరు వెళ్లడానికీ తేడా ఉంది.

ఎవరి గొంతు

స్ఫింక్స్ దగ్గర వదిలిన ప్రశ్న ఇది. మాట గుర్తించే యంత్రం తాను విన్న గొంతులనే బాగా వింటుంది. ఎవరి గొంతులు వినిపిస్తే వాళ్ల భాషే దానికి భాష. తెలుగులో యంత్రానికి ఇప్పటిదాకా ఎక్కువగా దొరికినవి వార్తలు, ఉపన్యాసాలు, చదువుకున్నవాళ్లు చూసి చదివిన వాక్యాలు. 'మిరగాయలు', 'కల్లం', 'తొడిమలు తీసేదానికి పోయినా' లాంటి మాటలు, పల్నాటి యాస, చీరాల తీరపు యాస, యానాదుల మాట అందులో ఎంత ఉన్నాయో ఒక ప్రయోగంతో తెలుసుకోవచ్చు: వాడలో ఒక పెద్దావిడ చేతికి ఫోన్ ఇచ్చి, ఆమె మామూలుగా మాట్లాడేది ఫోన్ ఎలా రాస్తుందో చూడండి. యంత్రం ఆమె మాటను సరిచేసి 'మంచి తెలుగు'గా మార్చేస్తుంది, లేదా అర్థంలేని ముక్కలు చూపిస్తుంది. బళ్లో పంతులు చేసిన పనే ఇప్పుడు యంత్రం చేస్తోంది.

కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి అనే వేదికను మొదలుపెట్టింది. భారతీయ భాషల్లో మాట గుర్తింపు, అనువాదం ప్రభుత్వ సేవలకు అందించడం దాని పని. అందులో 'భాషాదాన్' అనే భాగం ఉంది. ఎవరైనా తమ భాషకు తమ గొంతు దానం చేయవచ్చు. తెలుగు కూడా ఉంది. విద్యార్థి సంఘాలు, ట్రిపుల్ ఐటీ పిల్లలు సెలవుల్లో ఊళ్లకు వచ్చినప్పుడు వాడల్లో పూనుకోదగ్గ పని ఇది. చేద్దామని వెళ్తే ఒక అడ్డం తగులుతుంది. గొంతు దానం చేసే 'బోలో ఇండియా'లో తెర మీద ఒక వాక్యం వస్తుంది, దాన్ని పైకి చదివి రికార్డు చేయాలి. చదువు రాని మనిషి గొంతు దానం చేయడానికి అక్కడ వీల్లేదు. పక్కన ఎవరైనా కూర్చుని వాక్యం చదివి వినిపిస్తే ఆమె తిరిగి చెప్పగలదు. కానీ అది ఆమె మాట కాదు, ఆమె గొంతులో వాళ్ల వాక్యం. మిరప కల్లంలో తొడిమలు తీస్తూ ఆమె మాట్లాడేదాన్ని ఆమె అనుమతితో రికార్డు చేసి, ఆమె పలికినట్టే రాసి, ఆ పనికి కూలీ కట్టి ఇచ్చే ఏర్పాటు అక్కడ లేదు.